రేకు గోడ అవతల

"మళ్లీ మింగింది!"

మంగ మిషన్ తొక్కడం ఆపి, సూది కింది బెజ్జంలో ఇరుక్కున్న మాస్కు మూలను పీకింది. అంచు కాస్తా పీలికలైంది.

ఊరికి బస్సు మాట్లాడిన నర్సింగం, గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, ముక్కు మీది తువ్వాల సర్దుకున్నాడు. "నాలుగ్గొట్టంగ బస్సు ఎల్తది చెల్లే. మనిషికొక మాస్కు లేకుంటె కామ్‌రేజ్ చెక్‌పోస్టు కాడ్నే ఆపుతరు. ఇరవై ఆరు కుడుతనన్నవని నీకు సీటిచ్చిన. కాదంటె ఇప్పుడే చెప్పు, ఇంకొకరిని ఎక్కించుకుంట."

"అయితయే అన్నా. జర ఆగు."

ఎట్లా అవుతాయో ఆమెకే తెలియదు. మిషన్ బాగుచేసే దుకాణాలకు లాక్‌డౌన్ తాళాలు. పాలు మాన్పిద్దామని ఊళ్లో తల్లి దగ్గర వదిలొచ్చిన కూతురు రుచితను చూసి రెండు నెలలు దాటింది. ఈ బస్సు పోతే మరో బస్సు ఎప్పుడో!

నర్సింగం వెళ్లగానే మళ్లీ తొక్కింది. గుడ్డ జరగలేదు. నాలుగు కుట్లూ ఒక్కచోటే పడ్డాయి.

"కాగితం పెట్టు!"

మంగ ఉలిక్కిపడింది. మిషన్ ఆనించిన, తొక్కినప్పుడల్లా అదిరే రేకు గోడ అవతల నుంచి గొంతు. మరమగ్గాల షెడ్డులో, నడిచే సాంచాల నడుమ నిలబడి అరిచినట్టుంది. పక్క గదిలోకి పది రోజుల కిందట దిగిన ముసలి జంట. దిగిన మర్నాడే ముసలాయనకు జ్వరం, తలుపుకు కార్పొరేషన్ కాగితం, అడ్డంగా వెదురు బొంగులు. ఆయన ముఖమైనా ఆమె చూడలేదు.

"ఏం కాగితం తాతా?"

ఆమె మాట ముగియకముందే ఆయన అందుకున్నాడు. "గుడ్డ కింద పాత పేపరు ముక్క పెట్టి కలిపి కుట్టు. మొదట్ల దారాలు రెండూ ఎనుకకు పట్టుకో. కుట్టినంక పేపరు చింపెయ్యి."

అట్లాగే చేసింది. మూల మునిగిపోలేదు. కుట్టు చీమల బారులా సాగింది.

"అబ్బ! నీకెట్ల తెలిసింది తాతా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ముసలోనికి ఎంత పొగరు అనుకుంది మంగ.

మడతల దగ్గరకు రాగానే మిషన్ మళ్లీ మొరాయించింది. అక్కడ గుడ్డ ఆరు పొరల మందం.

"ఎత్తెక్కలేక ఆగింది!" రేకు అవతల నుంచి వెంటనే వచ్చింది. "గుడ్డను నొక్కే పాదం ముక్కు పైకి లేసి ఉంటది చూడు. మడతంత మందం అట్టముక్క పాదం ఎనుక కింద పెట్టు, సమమైతది. చక్రం చేత్తోని తిప్పు. గుంజకు, సూది ఇరుగుతది!"

మంగ వంగి చూసింది. నిజంగానే పాదం ముక్కెత్తి నిలబడింది. రేకులో బెజ్జం ఉందేమోనని వేలితో తడిమింది. సూది పట్టేంత సందు కూడా లేదు.

అగ్గిపెట్టె అట్ట మడిచి పెట్టింది. మిషన్ గుట్టెక్కి దిగింది.

పదిహేడో మాస్కు దగ్గర మంచినీళ్లకని లేచిందో లేదో, "ఎందుకాపినవ్? మంచిగ నడుస్తున్నది, నడువనియ్యి!" అని కేక. చెంబు దించేసి పరుగున వచ్చి కూర్చుంది.

మూడున్నరకు ఇరవై ఆరూ అయ్యాయి. పైన ఇంకో రెండు కుట్టి, పక్క గది వెదుళ్ల మీద వేసి దూరంగా నిలబడింది.

"తాతా! నీ పుణ్యాన నా బిడ్డ కాడికి పోతున్న! నీ చెవులకు దండం పెట్టాలె! అవతల కూసోనే అంతా ఇని చెప్పినవ్!"

తెరిచిన తలుపులోంచి, లోపల రేకు గోడ వారన కూర్చున్న ముసలాయన ఆమెను చూసి నవ్వి, చెయ్యి ఊపాడు. అరచేతి నిండా రేకు గీతలు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

కిటికీలోంచి ఆయన భార్య వెంకటవ్వ తల బయటపెట్టింది.

"ఎంత ఒర్రితె ఏం ఫాయిదా బిడ్డా? సాంచాల మోతకు ఆయన చెవులు పోయి పదేండ్లాయె."