స్టీలు బిళ్ళలో బొట్టు

“బిళ్ళ బరువు తగ్గలేదు కదమ్మా, సంతకం పెట్టెయ్,” అన్నారు దామోదర్ గారు. “ఈ పంపు టెస్ట్‌లో ఫెయిలైతే ప్రాజెక్ట్ క్యాన్సిల్. ఇద్దరం హెచ్-వన్ వీసా మీదున్నాం. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో అమెరికా నుంచి పెట్టె సర్దుకోవాలి.”

హిమజ పెన్ను తీసి ల్యాబ్ బల్ల మీది త్రాసు వైపు చూసింది. నీళ్లలో బుడగలు పేలుతూ, పంపు రెక్కల స్టీలుతో చేసిన బిళ్ళను మూడు గంటలు కొట్టాయి. అయినా త్రాసులో మిల్లీగ్రాము తేడా లేదు.

చెమటకు నుదుటి మీద స్టిక్కర్ జారింది. పొద్దున చేసినట్టే బిళ్ళను అద్దంలా ఎత్తి చూసుకుంది. పొద్దున బొట్టు స్పష్టంగా కనబడింది. ఇప్పుడు అక్కడంతా బూడిదరంగు మసక. చున్నీతో తుడిచినా పోలేదు.

“మెరుపు పోయిందండీ. దెబ్బ మొదలైంది, బరువు తర్వాత తగ్గుతుంది. ఇది హాస్పిటల్‌లో పెట్టే ఫైర్ పంపు కదా!”

ఆయన బిళ్ళ అందుకుని, అందులోకి చూడనైనా చూడకుండా బల్ల మీద బోర్లించారు.

హిమజ రిపోర్టు వైపు చూసింది. సీనియర్‌గా ఆయన సంతకం చేయాల్సిన గడి ఖాళీగా ఉంది.

“ఈ మసక మీరు ముందే చూశారు. అందుకే మీరు సంతకం పెట్టలేదు.”

“మేలో మా పాప గ్రాడ్యుయేషన్ అమ్మా,” అన్నారాయన తలెత్తకుండా.

హిమజ పెన్నుకు మూతపెట్టింది. బిళ్ళను వెల్లకిలా తిప్పి ఆయన ముందుకు జరిపింది.

అందులో ఆయన ముఖమూ కనబడలేదు.