గడప దాటని కోడలు

“మెట్రో రైలు ఏ దారిన వేయాలో తేల్చడానికి అడుగుతున్నామమ్మా. మీ ఇంట్లో రోజూ ఎవరెవరు ఎక్కడికి వెళ్తారు?” అన్నాడు సర్వేకు వచ్చినతను.

“నా కొడుకు శ్రీసిటీలో కంపెనీ పనికి పోతాడు,” అంది మా అత్త.

“మీ కోడలు?”

“గడప దాటదప్పా. మా ఇండ్లల్లో ఆడోళ్లు ఊరు తిరగరు.”

నా చంకలో పాప మూలిగింది. దాని కాలికి వైద్యం చేయించడానికి రోజూ ఆసుపత్రి దాకా ఎత్తుకుని నడుస్తున్నాను. ఆటో కుదుపులకు అది తట్టుకోలేదు.

“నేను రోజూ పోతాను సార్...” అన్నాను.

“నువ్వు లోపలికి పో,” అంది అత్త.

అతను అత్త చెప్పిందే రాసుకున్నాడు.

“మా వీధికి స్టేషను వస్తాదా అబ్బా?” అత్త ఆశగా అడిగింది.

“కష్టమమ్మా. ఈ వీధిలో ఏ ఇంట్లో అడిగినా ఆడవాళ్లు బయటికే పోరంటున్నారు. ఇక ఎక్కేదెవరు?”

అతను పక్కింటికి వెళ్లాడు. అత్త పాప కాలు నిమిరింది.

“స్టేషను వచ్చింటే నీకీ నడక తప్పేది గదమ్మీ.”

“పిలిచి చెప్పేదా అత్తా?”

“ఒద్దు. ఇంతలోనే మాట మారిస్తే మనల్ని ఏమనుకుంటాడు?”

పొద్దున నాతోపాటే బిడ్డను బడికి నడిపించుకుపోయిన పక్కింటి కోడలు వాళ్ల తలుపు చాటున నిలబడి ఉంది.

“మా కోడలా? గడప దాటదు నాయనా,” అంటోంది వాళ్లత్త.