పార్శ్వపు నొప్పి

కిరీటి మెదడులో ఐదు తెల్లమచ్చలు బయటపడ్డాయి.

తెనాలి ఆసుపత్రిలో డాక్టర్ ఇందుమతి స్కానింగ్ ఫిల్ముని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూపించింది. గుండె పరీక్షలో ఇంకొకటి తేలింది. గుండె పైగదుల మధ్య సన్నటి కన్నం. తల్లి కడుపులో అందరికీ ఉండేదే, పుట్టాక మూసుకుపోవాలి, నలుగురిలో ఒకరికి మూసుకోదు, మామూలుగా దాంతో ఇబ్బంది కూడా ఉండదు అని చెప్పిందామె. కానీ సముద్రం లోతునుంచి పైకొచ్చే మనిషి రక్తంలో పుట్టే గాలిబుడగలు ఆ కన్నంలోంచి దూరి మెదడుకి చేరొచ్చు.

అండమాన్‌లో స్కూబా డైవింగ్‌కి వెళ్ళిన కిరీటి మూడోసారి మునిగి లేచిన రోజు జరిగింది అదే.

అతను కాలేజీలో లెక్కల లెక్చరర్. ఇప్పుడు కుడిచేతిలో సుద్దముక్క నిలవడం లేదు.

“మీకు మైగ్రేన్ ఉందా?”

“లేదండి.”

“పార్శ్వపు నొప్పి?”

“అది చిన్నప్పట్నించీ ఉందండి. ముందు కళ్ళల్లో మెరుపులొస్తాయి, తర్వాత ఒక పక్క తల పగిలిపోద్ది. అమ్మ శొంఠి పట్టేసేది.”

“రెండూ ఒకటేనండి.”

మెరుపులతో వచ్చే ఆ నొప్పి ఉన్నవాళ్ళలో ఈ కన్నం ఎక్కువట. ముందే తెలిస్తే పరీక్ష చేయించకుండా నీళ్ళలోకి దిగనివ్వరట.

భార్య భువనేశ్వరి ఫైల్లోంచి ఒక ఫారం తీసింది. బాపట్ల ఈతకొలనులో డైవింగ్ శిక్షణకి చేరినప్పటిది. మైగ్రేన్ అన్నచోట ‘లేదు’ అని రాసి ఉంది.

ఆ రాత కిరీటిది కాదు. అతన్ని ఏ డాక్టరూ చూడనేలేదు. కింద మాత్రం రేపల్లె డాక్టరు ముద్ర.

“శొంఠి అంటే గుర్తొచ్చిందండీ,” అంది భువనేశ్వరి. “ఆ కొలను గేటు దగ్గర పెద్దాయన.”

కిరీటికీ గుర్తొచ్చాడు. చేతిసంచితో నిలబడి, వచ్చినవాళ్ళందర్నీ ఆపి పార్శ్వపు నొప్పి ఉందా అని అడిగేవాడు. తైలాలు అమ్ముకునేవాడనుకుని శొంఠి తాత అని పేరు పెట్టారు. గుండె పరీక్ష చేయించుకోకుండా దిగొద్దని వెంటపడితే, కిరీటే వాచ్‌మన్ చేత అతన్ని బయటికి గెంటించాడు.

“ఆయన మాట వినుంటే బాగుండేది,” అంది భువనేశ్వరి.

“దారినపోయేవాడికే తెలిసింది, చదువుకున్నవాడికి తెలీలేదా? ముందు ఆ ముద్ర వేసినోడి సంగతి చూస్తా.”

రేపల్లె బస్సులో ఎడంచేత్తో కమ్మీ పట్టుకోవాల్సి రావడం అతన్ని ఇంకా మండించింది. ఊళ్ళో రెండు వీధులు తప్పు తిరిగారు. మూడో వీధిలో తలుపు కొట్టారు.

తీసింది శొంఠి తాత. ఆయన చూపు తిన్నగా కిరీటి కుడిచేతి మీదికి పోయింది.

కిరీటి ఫారం చాపాడు. డాక్టర్ వెంకటరాఘవయ్యగారు ఎక్కడుంటారని భువనేశ్వరే అడిగింది.

“నేనేనమ్మా. ఆ కొలను నుంచి ఫారాలు కట్టలుగా బస్సులో వచ్చేవి. మనిషి మొహం చూడకుండా అన్నిటికీ ‘లేదు’ అని రాసి ముద్రేసేవాణ్ణి. అలా సముద్రంలో దిగిన ఒకమ్మాయికి మాట పడిపోయిందని తెలిశాక మిగతావాళ్ళని వెతుక్కుంటూ బాపట్ల వచ్చాను. డాక్టర్నని చెప్తే వినేవాడివే బాబూ. కానీ ఆ ముద్ర నాదేనని కూడా చెప్పాలిగా, అందుకే శొంఠి తాతగానే ఉండిపోయాను.”