అర లీటరు శుభవార్త

ఆరోజు ఇంట్లో నానమ్మ, జొల్దోష్ బాబాయి, ఆస్పత్రిలో ఉన్న అమ్మ కోసం దువా చేయడానికి వచ్చిన ముల్లాగారు, పదిహేనేళ్ల బెర్మెత్ ఉన్నారు. ఆస్పత్రి నుంచి నాన్న చేసిన ఫోను పెట్టేసి బెర్మెత్ "సుయుంచు!" అని అరిచింది. శుభవార్త తెచ్చినవాళ్లు అలా అరిస్తే కానుక ఇచ్చి తీరాలి.

"ఇస్తాలే, ముందు చెప్పవే!" అంది నానమ్మ.

ముల్లాగారిని చూసి బెర్మెత్ గొంతు తగ్గించింది. "అమ్మ... పోసింది."

"ఏం పోసింది, టీయా?" అన్నాడు బాబాయి.

"ఉచ్చ! అర లీటరు!"

నానమ్మ గంతేసింది. కాలి పుండు విషం రక్తంలోకి పాకి, అమ్మ కిడ్నీలు ఆగిపోయి నాలుగు రోజులైంది. ఇవాళ కూడా రాకపోతే రక్తం కడిగే మిషను పెడతామన్నారు.

"క్రిములు మొన్ననే చచ్చాయన్నారుగా? మరి కిడ్నీలకేం రోగం?" అన్నాడు బాబాయి.

"క్రిముల్ని చంపడానికి ఒంట్లో లేచిన మంటే కిడ్నీలకీ తగిలిందట. ఇప్పుడది చల్లారుతోందట. కిడ్నీలు చావలేదు బాబాయ్, సొమ్మసిల్లాయంతే!"

"నా కోడలు ఎలాంటిదో దాని ఒళ్లూ అలాంటిదే! ఈగను కొట్టబోయి పింగాణీ అంతా పగలగొడుతుంది," అని నానమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తన శాలువా తీసి మనవరాలికి కప్పింది. "పో, వీధంతా చెప్పిరా!"

"ఉచ్చ సంగతా? నాకు సిగ్గు!"

"ముల్లాగారి ముందు అరిచాక ఇంకేం సిగ్గే!"

ముల్లాగారు గడ్డం చాటున నవ్వుతుండగా, నానమ్మ ఆమెను బయటికి తోసి తలుపేసేసింది.