సముద్రం పడని మనిషి

మళ్ళీ వాంతి అయ్యాక ఆవిడ బాత్‌రూమ్ గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. భర్త తువ్వాలు తడిపి తెచ్చి ఆవిడ మొహం తుడిచాడు.

“నేను చెబితే విన్నావా? ఓడ ముందు భాగంలో, అదీ పై అంతస్తులో గది వద్దన్నాను. బస్సులో వెనక సీటు లాంటిదది. ఎక్కడ కుదుపు ఎక్కువో వెతుక్కుని మరీ అక్కడ తీసుకున్నావు.”

“సముద్రం బాగా కనిపిస్తుందని తీసుకున్నా,” అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

“ఎక్కినప్పటి నుంచి నువ్వు చూసింది ఈ కమోడ్‌నే.”

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ కడుపులో తిప్పింది.

ఆయన రిటైరయ్యేదాకా కొండదారిలో బస్సు నడిపాడు. మలుపు మలుపుకీ ఎవరో ఒకరు కిటికీలోంచి తల బయట పెట్టే రూటు అది. ఎవరికి పడదో ఎక్కేటప్పుడు మొహం చూసి చెప్పేసేవాడు. వాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టి రోడ్డు వైపే చూడమనేవాడు. ఫోను చూడొద్దు, కడుపు ఖాళీగా ఉంచొద్దు, అలాగని నిండా తినొద్దు. ఓడ ప్రయాణం అనుకున్న దగ్గర్నుంచి ఆ జాగ్రత్తలన్నీ పెళ్ళానికి నూరిపోశాడు. అల్లం ముక్కలు ఎండబెట్టి డబ్బాలో పోశాడు. నిమ్మకాయలు, ఉప్పు బిస్కెట్లు, వికారం రాకుండా మణికట్టుకి పెట్టుకునే పట్టీలు కొన్నాడు. మాత్రలు మాత్రం ఆవిడ కొననివ్వలేదు.

“నావి నేను డాక్టర్ని అడిగి తెచ్చుకున్నాలెండి,” అంది. పొద్దునా సాయంత్రం వేళ తప్పకుండా వేసుకుంటోంది. అయినా గుణం కనిపించలేదు.

అసలు ఈ ప్రయాణం ఆవిడ పట్టుబట్టి పెట్టిందే. చలికాలంలో ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళ దాకా ఏ కంగారూ, ఏ దిగులూ దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు ఆవిడకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. “మీ నాన్నని ఓ వారం సముద్రం గాలికి తిప్పుకొస్తా,” అని కూతురికి ఫోన్ చేసి చెప్పింది.

“మరి నీకు పడకపోతే అమ్మా?”

“పడకపోతే వాంతులవుతాయి. అంతేగా,” అంది ఆవిడ.

మొదటిరోజు ఓడ గట్టిగానే ఊగింది. సగం మంది గదుల్లోంచి బయటికి రాలేదు. ఆ మర్నాటికి సముద్రం చదునైపోయింది. మంచం పట్టినవాళ్ళందరూ లేచొచ్చి భోజనాల దగ్గర వరస కట్టారు. ఆవిడ ఒక్కతే లేవలేకపోయింది.

డ్రైవరు ఆవిడని మెల్లగా నడిపించుకుంటూ పైన ఆరుబయటికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు.

“అదుగో, నీళ్ళూ ఆకాశం కలిసేచోట గీత ఉంది చూడు. అది కదలదు. దాన్నే చూస్తూ ఉండు.”

ఆవిడ ఆయన చెప్పినట్టే చూసింది. నిమ్మకాయ వాసన చూసింది. అల్లం ముక్క చప్పరించి ఉమ్మేసింది. “నోరంతా ఇనుము నాకినట్టుందండీ.”

“పెళ్ళైన కొత్తలో కొండ మలుపుల్లో నా వెనక సీట్లో గురకపెట్టిన మనిషివి. ఇవాళ సముద్రం చెరువులా ఉంది కదే. నీకేంటిలా?”

“ఆ సంగతి నా కడుపుకి చెప్పండి.”

లేవబోయి తూలిపడింది. ఆయన పట్టుకున్నాడు.

ఓడలో ఉండే నర్సు గదికి వచ్చింది. ఎవర్నీ మాట్లాడనివ్వని మనిషి. ఆయన ఏదో చెప్పబోతే బయట ఉండమని తలుపు వేసేసింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఈసారి ఆమె గొంతు మారింది.

“ఇంజెక్షన్ చేశాను. నీళ్ళు కొద్దికొద్దిగా పట్టండి. పక్కనే ఉండండి.”

“ప్రాణానికేం భయం లేదుగా అమ్మా?”

నర్సు చూపు ఆయన చొక్కా పైబొత్తాం దగ్గర కనిపిస్తున్న కుట్ల మచ్చ మీద ఆగింది.

“సముద్రం పడక ఎవరూ చచ్చిపోలేదు బాబాయిగారూ,” అని గబగబా వెళ్ళిపోయింది.

ఆయన లోపలికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

“రేపు ఓడ ఆగేచోట దిగిపోదాం. బస్సో, రైలో, ఏది దొరికితే అది. ఇంటికెళ్తే కుదుటపడతావు.”

ఆవిడ చటుక్కున లేచి కూర్చుంది. “వద్దండీ. ఇంటికొద్దు.”

“ఎందుకే ఇంత మొండితనం? నా కోసం వచ్చి నువ్విలా అయిపోతుంటే నేను చూస్తూ కూర్చోవాలా?”

ఆవిడ ఆయన తల దగ్గరికి తీసుకుంది.

“రెండ్రోజులు ఓర్చుకుంటే అయిపోతుంది. మీ మొహం చూసుకున్నారా అద్దంలో? నిగనిగలాడుతోంది. నిన్న ఆ మెట్లన్నీ ఆయాసం లేకుండా ఎక్కొచ్చారు. నాకది చాలు.”

నిజమే. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఆయన తన గుండె సంగతి మర్చిపోయాడు. ఐసు ముక్కలు తెస్తానని గిన్నె పట్టుకుని బయల్దేరాడు.

నడవాలో పక్కగది ఆయన ఎదురొచ్చాడు. “ఇంకా తగ్గలేదా మీవాళ్ళకి?”

“లేదండీ. సముద్రం పడలేదు.”

“అంతే మరి, మొదటిసారి కదా,” అని ఆ మనిషి తన దారిన తను పోయాడు.

ఎన్నిసార్లు వాంతి చేసుకున్నా ఎందుకని ఎవరూ ఆరా తియ్యని చోటు ఓడ ఒక్కటేనని, తన క్యాన్సర్ మాత్రలు మొదలుపెట్టాల్సిన వారం చూసుకుని మరీ ఆవిడ ఈ ప్రయాణం పెట్టింది.