చప్పుడు లేని ప్రార్థన

ఆ ఆదివారం సిరిసిల్ల చర్చిలో అందరూ గట్టిగా ప్రార్థిస్తున్నారు. నలుగురిలో నాకు గొంతు పెగలదు. కళ్ళు మూసుకుని పెదవులు మాత్రం కదిపాను.

"ప్రభువా, నన్నెందుకు పుట్టిచ్చినవ్? పాట రాదు, సాక్ష్యం చెప్పరాదు. ఏదన్న పని చూపెట్టు. మా అత్తమ్మ కాళ్ళు పిసుకుడు తప్ప."

కళ్ళు తెరిస్తే ముందు వరుసలోని అత్తమ్మ వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది.

"నా కాళ్ళకేమైంది పిల్లా?"

సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో బట్ట నేసి నేసి ఆమె చెవులు ఎప్పుడో పోయాయి. ఎవరేమన్నా పెదవులు చూసే పట్టేస్తుంది. ప్రార్థన ధ్యాసలో ఆ సంగతే మరిచాను.

"తప్పైంది అత్తమ్మా."

"తప్పు సంగతి ఇంటికాడ చూస్త. పాస్టరయ్య మొదలువెట్టిండు, ఏమంటుండో చెప్పు. మూతికి మైకు అడ్డం వెట్టుకుంటడు. ఇన్నేండ్లసంది ఒక్క ముక్క తెల్వది."

పెదవులతోనే చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"కాళ్ళు పిసుకుడు బందు. నీకు గీ పని ఇచ్చిండు దేవుడు."

ఇప్పుడు ఆమెలాగే సాంచాల దగ్గర చెవులు పోయిన ఒక వరుస ముసలమ్మలు పాస్టరయ్యకు వీపు పెట్టి నా వైపు కూర్చుంటారు. వాక్యం పొడుగైతే నేను కాస్త ముందే ముగిస్తాను. వాళ్ళు "ఆమెన్" అని లేచి వెళ్ళిపోతారు.

అక్కడ పాస్టరయ్య ఇంకా మోషేను ఎర్రసముద్రం దాటించనే లేదు.