ఏడు కిలోమీటర్ల గుంతలు

"దీన్ని రోడ్డంటారా మీరు?" అని అరుస్తూ బోర్హా తన సైకిల్‌ని బారు గోడకి ఆనించాడు. ఎడమ మోకాలు చీరుకుపోయి రక్తం మేజోడు దాకా కారింది.

ఒబ్దూలియా ఆ మోకాలు చూసి లోలోపల సంతోషించింది. పైకి మాత్రం, ఊరి మేయరు కాబట్టి, "అయ్యో బాబూ! ఎక్కడ పడ్డారు?" అంది.

"మూడో మలుపులో! అది గుంత కాదు, సమాధి! మీ గాడిదలకి తప్ప మనుషులకి పనికొస్తుందా ఈ దారి?"

నలభై దాటిన మగాడు ఒంటికి అతుక్కుపోయే బట్టలేసుకుని, ఉన్ని కత్తిరించిన గొర్రెలా నిలబడి తనకి రోడ్ల గురించి పాఠాలు చెబుతున్నాడు. మామూలు రోజైతే చీపురు తిరగేసేది. కానీ వీడు మాద్రిద్ నుంచి వచ్చాడు. వచ్చే ఏప్రిల్‌లో జరిగే పెద్ద సైకిల్ పందెం ఏ కొండల మీదుగా వెళ్లాలో తేల్చేది వీడే. పందెం వెళ్లే దారికి జిల్లా రోడ్ల ఆఫీసు వాళ్లు ముందుగానే కొత్త తారు పోస్తారని ఆ కొండల్లో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ ఊళ్లో అడగడానికి పసిపిల్లలు లేరు, అది వేరే సంగతి. ఉన్నది ముప్పై ఒక్క మంది. అందరికంటే చిన్నవాడు ఒబ్దూలియా మరిది సిరియాకో, ఆ బారు నడిపేవాడు. వాడికి అరవై రెండు.

రొట్టెల బండి రావడం ఎప్పుడో మానేసింది. గురువారం గురువారం వచ్చే డాక్టరమ్మ, తన కారు చక్రం రెండుసార్లు విరిగాక, తేల్చి చెప్పేసింది. వేసవికల్లా కొత్త రోడ్డు పడితే వస్తుంది, లేకపోతే రాదు. గుండె నొప్పి వాళ్లు, షుగరు వాళ్లు, అందరూ కొండ దిగి ముప్పై కిలోమీటర్లు పోవాల్సిందే.

సిరియాకో ఒబ్దూలియా చెవిలో గొణిగాడు. "వదినా, వీడి లాగు వెనకాల ఆ దిండేంటి? పసిపిల్లాడికి గుడ్డ కట్టినట్టు?"

"నోర్ముయ్. మన తారు వచ్చేది ఆ దిండు మీదే. హామ్ కోసుకురా. మంచిది కొయ్యి, బార్‌లో అమ్మేది కాదు."

ఉప్పులో ఊరబెట్టి ఆరేసిన పంది తొడ, ఆ హామ్ వచ్చింది, వైన్ వచ్చింది. బోర్హా వైన్ గ్లాసుని వేలితో పక్కకి నెట్టి, తన సీసాలోంచి ఆకుపచ్చ నీళ్లేవో తాగాడు. హామ్ ముక్కకున్న కొవ్వుని ముక్కు చిట్లించి వేరు చేశాడు. ఆ కొవ్వు కోసమే ఆ పందికి శీతాకాలమంతా ఓక్ కాయలు మేపిన సిరియాకోకి కడుపు మండిపోయింది.

"ఈ ఊళ్లో మనుషులుంటారని మ్యాపులో చూసి నమ్మలేదు" అన్నాడు బోర్హా. "రోజంతా ఏం చేస్తారు మీరు?"

'నీలాంటి వాళ్ల కోసం గుంతలు తవ్వుతాం' అని నాలుక చివరిదాకా వచ్చింది ఒబ్దూలియాకి. అబద్ధమేమీ కాదు. నిన్న మధ్యాహ్నం పలుగు ఎత్తగలిగిన పద్నాలుగు మందీ, పుట్టాక మొదటిసారి మధ్యాహ్నం కునుకు మానుకుని మరీ కొండ దిగారు. ఆలోచన ఆమెదే. గుంతలు చిన్నవైతే ఆఫీసు వాళ్లు నాలుగు తట్టల కంకర పోసి చేతులు దులుపుకుంటారు. మొత్తం పాడైపోతేనే ఏడు కిలోమీటర్లూ కొత్తగా వేస్తారు. అందుకని మూడో మలుపు నుంచి చర్చి దాకా, ఉన్న గుంతల్ని రెండింతలు చేసి, లేని చోట కొత్తవి తవ్వారు. ఎనభై ఏళ్ల నడుములు ఇవాళ్టికీ వంగడం లేదు.

"సరే, ఒక ఫోన్ చేసుకోవాలి" అని బోర్హా లేచాడు. "జిల్లా రోడ్ల ఇంజనీరుకి."

అతను బయటికి వెళ్లగానే సిరియాకో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వదినా! ఇంజనీరుకి!"

"విన్నాను. ఈ దిండు వెధవలకి అర్థమయ్యేది మోకాలు పగిలినప్పుడేరా" అంది ఆమె.

కిటికీలోంచి అతను చేతులూపుతూ మాట్లాడటం కనిపిస్తోంది. ఒకసారి తన మోకాలు చూపించాడు, ఫోన్లో అవతలివాడికి కనిపిస్తున్నట్టు. ఒకసారి గట్టిగా నవ్వాడు. ఒబ్దూలియా మెడలో శిలువ పట్టుకుంది.

లోపలికొచ్చి బోర్హా మొదటిసారి ఆమెకి చెయ్యి చాపాడు. "అభినందనలు మేయరు గారూ. పందెం మీ ఊరి మీదుగానే వెళ్తుంది. ఐదేళ్లకి ఒప్పందం."

సిరియాకో ఎగిరి గంతేశాడు. ఒబ్దూలియాకి కళ్లు చెమ్మగిల్లాయి. ఈ బిగుతు బట్టల బఫూన్‌ని ముద్దు పెట్టుకోవాలనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "అయితే తారు మిషన్లు ఎప్పుడొస్తాయి బాబూ? మార్చిలోనేనా?"

"తారా?" బోర్హా జాలిగా చూశాడు. "నున్నటి రోడ్డు మీద సైకిళ్లు పోతుంటే ఇప్పుడెవరు చూస్తారమ్మా? జనానికి దుమ్ము కావాలి, గుంతలు కావాలి, నాలాగా పడేవాళ్లు కావాలి. పదకొండు ఊళ్లు తిరిగాను. ఇంత ఘోరమైన రోడ్డు ఇంకెక్కడా లేదు. ఆ మూడో మలుపులో పడ్డప్పుడే ఖాయం చేసుకున్నాను."

అతను హెల్మెట్ పెట్టుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మీరేం కంగారు పడకండి. ఐదేళ్ల దాకా ఈ రోడ్డు మీద ఒక్క తట్ట తారు కూడా పడదని ఇంజనీరు గారు మాటిచ్చారు. పాపం, ఆయనకి ఎంత సంతోషమో, మీ ఊరికి థాంక్స్ కూడా చెప్పమన్నారు!"